సబ్బుబిళ్ళ మీది తాళంచెవి

బజారువీధిలో ఆమెను సొంత పేరుతో పిలిచేవాళ్ళు లేరు. చిన్నాపెద్దా అందరికీ తాళాలక్కే. మేడమెట్ల కింద ఆమె దుకాణం. చేతులు చాపితే రెండు గోడలూ తగిలేంత ఇరుకు. గోడల నిండా ఇంకా పళ్ళు కోయని తాళంచెవులు వేలాడుతుంటాయి. ముందు బల్ల మీద చెవులు కోసే మిషను, పక్కన ఆకురాళ్ళు, నూనెడబ్బా, విప్పిన తాళాల పేగులతో నిండిన రేకుడబ్బా. ఎండ కూడా అందులోకి మధ్యాహ్నం కాసేపు తొంగిచూసి వెళ్ళిపోతుంది.

పని నేర్పింది మామగారు. కొడుక్కి నేర్పాలని చూశారు గానీ అతనికి లారీ స్టీరింగు తప్ప ఇంకేదీ రుచించలేదు. ఆ లారీతోనే ఒక వానాకాలం లోయలో పడి పోయాడు. ఇంట్లో ఏడుపులు ఇంకా ఆరకముందే మామగారు కోడలి ముందు తుప్పుపట్టిన తాళం ఒకటి పెట్టి, "విప్పు" అన్నారు.

"నాకు రాదు మావయ్యా."

"ఆ సంగతి తాళానికి తెలీదుగా. విప్పు."

అలా మొదలైంది. మామగారు పోయాక దుకాణం ఆమెదే అయింది. ఇంట్లో ఆమె, అత్త, అత్త మోకాళ్ళ నొప్పులు. అత్తాకోడళ్ళంటే ఉప్పూ నిప్పూ అంటారు గానీ వీళ్ళిద్దరూ ఒకరి మీద ఒకరు విసుక్కుంటూనే ఒకరు లేకుండా ఒకరు ముద్ద ముట్టని రకం. "నీ చేతికెప్పుడూ ఇనుము వాసనే. అన్నం పెట్టినా తాళం మింగినట్టే ఉంటుంది" అనేది అత్త, రెండోసారి వడ్డించుకుంటూ.

ఆడవాళ్ళ సంఘంలోకి ఆమె కోరి వెళ్ళలేదు. దుకాణం పైమేడ మీద టైలరమ్మ కుట్టుగది ఉంది, దాని పక్కగదిని నర్సమ్మ అద్దెకు తీసుకుంది. నర్సమ్మ పెద్దాసుపత్రిలో పనిచేసి రిటైరైన మనిషి. 'మెట్ల మీంచి జారిపడ్డాను' అని చెప్పే ఆడవాళ్ళకు కుట్లు వేయడంతోనే ఆమె ఉద్యోగం గడిచిపోయింది. "ఊళ్ళో ఇన్ని మెట్లు ఎక్కడున్నాయని నేనూ వెతికాను. సగం ఇళ్ళకి మెట్లే లేవు" అనేది. ఆమె కోపంలోంచి పుట్టిందే ఆ గది. దెబ్బలు తిని వచ్చినవాళ్ళు అక్కడ కాసేపు కూర్చోవచ్చు, ఏడవచ్చు, లాయరుతో మాట్లాడవచ్చు.

ఒకరోజు నర్సమ్మ మెట్లు దిగి వచ్చి, లెక్కల టీచరు ఒకామె ఇంటికి తాళం మార్చాలని చెప్పింది. మొగుడు ఆ ఇంటి గడప తొక్కకూడదని కోర్టు చెప్పింది. కానీ అతని జేబులో తాళంచెవి ఉంది. కోర్టు కాగితం తలుపుకు అడ్డం నిలబడదు కదా.

తాళాలక్క వెళ్ళింది. పాత తాళం పీకి కొత్తది బిగించే అరగంటలో టీచరు గోడకు వీపు ఆనించి నిలబడే ఉంది. ఒక్కసారి కూర్చోలేదు. పని అయ్యాక కొత్త తాళంచెవులు చేతిలో పెడితే, వాటిని గుప్పిట్లో బిగించి అలాగే నేల మీద కూలబడి నిద్రపోయింది. మనిషి అంత హఠాత్తుగా నిద్రపోవడం తాళాలక్క ఎన్నడూ చూడలేదు. ఆ తర్వాత నర్సమ్మ ఎప్పుడు పిలిచినా సంచీ భుజాన వేసుకుని బయల్దేరేది. పీడకలల్లో కూడా ఆమెకు ఆ పని వల్ల తన మీదికి ఏదైనా వస్తుందని తోచలేదు.

ఒక మధ్యాహ్నం దుకాణానికి ఒకాయన వచ్చాడు. మడత నలగని ఇస్త్రీ చొక్కా, నూనె రాసి దువ్విన తల, మెత్తటి మాట. స్కూటరు తాళంచెవికి మారుచెవి కావాలన్నాడు. ఆమె కోసి ఇచ్చింది. అతను దాన్ని వెలుతురుకు పట్టి చూసి మెచ్చుకున్నాడు.

"చెయ్యి మంచిదండీ మీది. మా ఇంటి తాళం మార్చింది కూడా మీరేనటగా?"

ఆమె మిషను ఆపింది.

"లెక్కల టీచరు మా ఆవిడేనండి. కొత్త తాళానికి నాకూ ఒక చెవి కావాలి. నా ఇంటికి నాకు చెవి లేకపోవడం ఏం బాగుంటుంది, మీరే చెప్పండి."

"నా దగ్గర లేదండి. అన్నీ ఆవిడకే ఇచ్చేశాను."

"పోనీలెండి. మళ్ళీ వస్తాను."

అన్నట్టే వచ్చాడు. ఒకసారి చిన్న తాళం కొన్నాడు. ఇంకోసారి ఏమీ కొనకుండా ఎదురుగా స్టూలు మీద కూర్చుని వీధిని చూశాడు. గొంతు పెంచడు, కాలు మీద కాలు వేయడు, 'అండి' లేకుండా మాట్లాడడు. పక్క కొట్టువాళ్ళు, 'మంచి మర్యాదస్థుడు' అనుకున్నారు.  అతను ఏం చేశాడని ఎవరైనా అడిగితే తాళాలక్క దగ్గర చెప్పడానికి ఏమీ లేదు. ఆ చెప్పడానికి ఏమీ లేకపోవడమే ఆమెను ఎక్కువ భయపెట్టింది.

ఆ వారమే టీచరు ఆ ఇల్లు వదిలేసి వేరే ఊళ్ళో బడి వెతుక్కుని వెళ్ళిపోయింది. ఎక్కడికి వెళ్ళిందో నర్సమ్మకు తెలుసు. తాళాలక్కకు కూడా తెలుసు, ఎందుకంటే అక్కడి తలుపుకు తాళం బిగించింది తనే.

ఆ తర్వాత వచ్చినప్పుడు ఇస్త్రీ చొక్కా ఆయన బల్ల మీద ఒక సబ్బుపెట్టె పెట్టాడు. మూత తీశాడు. లోపల పచ్చటి సబ్బుబిళ్ళ. దాని మీద లోతుగా దిగిన తాళంచెవి అచ్చు.

"దీనికి మారుచెవి చేస్తారేమో అని తెచ్చాను."

ఆమె అలవాటు కొద్దీ దాన్ని దీపం కిందికి జరిపింది. తాళంచెవి పళ్ళు చదవడం ఆమెకు అక్షరాలు చదవడం లాంటిదే. మొదటి పన్ను పొట్టి, రెండోది పొడుగు, ఆ తర్వాత ఒక పక్కకు ఒరిగిన పన్ను. అలా ఒరగడం ఎక్కడా ఉండదు. వయసు మీదపడి మామగారి చెయ్యి జారిన గుర్తు అది. ఆ చెవి ఆమె ఇంటిది.

 ఆమె సబ్బుబిళ్ళ మీంచి తల ఎత్తలేదు.

"గుర్తుపట్టినట్టున్నారు" అన్నాడు అతను. "మీ అత్తగారు చాలా మంచావిడండి. మోకాళ్ళకి ఒక తైలం చెప్పి వచ్చాను. ఈ సబ్బు మీరే ఉంచుకోండి, నా దగ్గర ఇంకోటి ఉంది. మా ఆవిడ ఏ ఊళ్ళో ఉందో, ఆ తలుపు చెవి ఎలాంటిదో మీకు గుర్తొస్తే చెప్పండి. తొందరేం లేదు."

అతను వీధి మలుపు తిరిగేదాకా ఆమె చూసింది. తర్వాత షట్టరు లాగిందో లేదో కూడా చూసుకోకుండా ఇంటికి పరిగెత్తింది. దారంతా మనసు చెడ్డవే చూపించింది. తలుపు తీసే ఉంటుందనీ, లోపల అత్త పిలిచినా పలకదనీ. తీరా వెళ్తే అత్త కాళ్ళు చాపుకుని కూరగాయలు తరుగుతోంది.

"అదేంటే, దెయ్యం తరిమినట్టు ఆ రావడం?"

"ఇంటికెవరైనా వచ్చారా అత్తా ఈమధ్య?"

"ఎవరొస్తారు మనింటికి? నీళ్ళ మీటరు చూసేవాడు వచ్చాడు. ఎంత మర్యాదనుకున్నావే ఆ పిల్లాడికి. చొక్కా మడత కూడా నలగలేదు. మంచినీళ్ళు ఇచ్చాను. పెరటి తలుపు తాళం బిగుసుకుందంటే, 'ఏదమ్మా చెవి, నేను చూస్తాను' అని తీసుకుని..." అత్త మాట మధ్యలో ఆగింది. కోడలి ముఖం చూసింది. చేతిలో కత్తి కింద పెట్టింది. "నేనే ఇచ్చానా?"

 కోడలు సంచీ తెరిచి పెరటి తలుపు తాళం విప్పడం మొదలుపెట్టింది. ఇన్ని ఇళ్ళకు తాళాలు మార్చిన చేతికి తన తలుపు మీద స్క్రూ గాడి దొరకలేదు. స్క్రూడ్రైవరు జారి వేలు చీరుకుంది. అత్త ఎప్పుడూ లేనిది ఒక్క ఎకసెక్కమూ ఆడకుండా, పక్కనే గోడ పట్టుకు నిలబడి దీపం చూపించింది. కొత్త తాళం పడ్డాక కూడా తలుపు వెనక బల్ల ఈడ్చి పెట్టుకున్నారు. మర్నాడు లేచేసరికి ఇద్దరికీ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నిద్రపోలేదని ఎవరూ ఒప్పుకోలేదు.

నర్సమ్మ ఆమెను పోలీసుస్టేషనుకు తీసుకెళ్ళింది. అక్కడి అధికారి సబ్బుబిళ్ళను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"బెదిరించాడా?"

"మా ఇంట్లోకి వచ్చానని చెప్పాడండి."

"ఏ మాటల్లో చెప్పాడు?"

"మా అత్తకి మోకాళ్ళ తైలం చెప్పానన్నాడు."

అధికారి పక్కబల్ల వైపు చూసి నవ్వు ఆపుకున్నాడు. "వైద్యం చెప్పడం నేరం కాదమ్మా. సబ్బు తేవడం అసలే కాదు. కోర్టు ఆర్డరు టీచరు ఇంటికే, మీ దుకాణానికి కాదు. ఏదైనా జరిగితే రండి."

"జరిగాక మేం రాలేం బాబూ, మమ్మల్ని మోసుకు రావాలి" అంది నర్సమ్మ. అయినా ఆయన సబ్బుబిళ్ళను వెనక్కి నెట్టాడు.

ఆ తర్వాత తాళాలక్క చూపు మారిపోయింది. వీధిలో ప్రతి ఇస్త్రీ చొక్కా అతనిదే. స్కూటరు చప్పుడు వినిపిస్తే చాలు, మిషను ఆపేసి వీధిలోకి చూసేది. ఇంటికి వెళ్ళే దారి రోజుకొకటి మార్చింది. అలాంటి రోజుల్లోనే నర్సమ్మ మళ్ళీ దిగి వచ్చింది. కాలవగట్టు దగ్గర ఒక పిల్లతల్లి, మొగుడు తలుపు బద్దలుకొట్టాడు, తాళమూ గడియా రెండూ కావాలి.

"నేను రాలేను నర్సమ్మా" అంది తాళాలక్క.

నర్సమ్మ ఒక్క మాట కూడా బతిమాలలేదు. "సరేనమ్మా" అని మెట్లెక్కింది. తిడితే బాగుండుననిపించింది తాళాలక్కకు. ఆ సాయంత్రం ఆ పిల్లతల్లి పిల్లల్ని తీసుకుని తన అన్న ఇంటికి వెళ్ళిపోయిందని టైలరమ్మ చెప్పింది. ఆ అన్న ఎలాంటివాడో మాత్రం చెప్పలేదు.

పైగదిలో శనివారాల్లో కంప్యూటరు ముందు కూర్చునే అలవాటు ఉంది. ఈ గది లాంటి గదులు వేరే దేశాల్లోనూ ఉన్నాయి, పెద్ద సంస్థలేం కావు, ఇలాగే అద్దెకు తీసుకున్నవి. వారానికోసారి అందరూ తెర మీద కలుస్తారు. నర్సమ్మ కూతురు అటుమాట ఇటూ ఇటుమాట అటూ చెబుతుంది. ఆ తెర మీద ఎప్పుడూ కనబడే ముఖాలు రెండు. ఒకామె సముద్రం మధ్య దీవిలో చేపలమ్ముతుంది. ఆమె చెల్లెల్ని మొగుడే చంపాడు, అప్పటినుంచి ఆమె ఈ పనిలో ఉంది. ఇంకొకామె మంచు కురిసే దేశంలో టాక్సీ నడుపుతుంది. దెబ్బలు తప్పించుకుని పారిపోయే ఆడవాళ్ళను మీటరు వేయకుండా చేర్చాల్సిన చోట చేరుస్తుంది. తాళాలక్క అంతకుముందు ఒకట్రెండుసార్లు వెళ్ళి వెనక కూర్చుని టీ తాగి వచ్చింది అంతే.

ఈసారి నర్సమ్మ ఆమెను ముందుకు కూర్చోబెట్టింది. "చెప్పు" అంది.

చెప్పడం మొదలుపెడితే స్టేషనులో నవ్విన ముఖమే కళ్ళ ముందు మెదిలింది. స్టూలు, సబ్బు, తైలం, వినడానికి అన్నీ వెర్రిమాటల్లాగే ఉన్నాయి. కానీ తెర మీద ఎవరూ నవ్వలేదు. సబ్బుబిళ్ళ మాట తర్జుమా అవగానే చేపలామె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

తర్వాత టాక్సీ నడిపే ఆమె మాట్లాడింది. నర్సమ్మ కూతురు తెలుగులో చెప్పింది. "తన టాక్సీలో కూడా ఒకడు రోజూ ఎక్కేవాడట. డబ్బులిచ్చి, దండం పెట్టి దిగేవాడట. వాడు ఎవరి మొగుడో తనకి తెలుసు. తనకి తెలుసని వాడికి తెలుసు. ఇప్పటికీ వెనక సీటు అద్దంలో చూడకుండా బండి తీయలేదట."

"భయం పోయిందా అని అడుగమ్మా" అంది తాళాలక్క.

అమ్మాయి అడిగింది. అటునుంచి ఒక్క మాటే వచ్చింది. "లేదట."

ఎందుకో ఆ మాట ధైర్యం చెప్పినవాళ్ళందరి మాటల కంటే ఆమెకు నచ్చింది. అంతదాకా అందరూ 'భయపడకు, మేమున్నాం' అన్నవాళ్ళే. భయపడుతూనే ఉన్నానని చెప్పిన మనిషి ఈమె ఒక్కతే.

చేపలామె ఒక ఉపాయం చెప్పింది. వాళ్ళ దీవిలో బెదిరింపు ఉన్న మనిషిని ఒంటరిగా వదలరు. పక్కన కూర్చోవడానికి మనుషులు చాలకపోతే ఫోను కలిపి ఉంచుతారు. తాళాలక్క దుకాణం తెరిచి ఉన్నంతసేపూ ఎవరో ఒకరు ఫోనులో చూస్తూ ఉంటారని ఆమె అంది. మధ్యాహ్నాలు తన వంతు, అప్పుడు దీవిలో తెల్లవారుతుంటుంది, ఎలాగూ ఐసు కొడుతూ ఉంటుంది.

అలా తాళాలక్క దుకాణంలో, తాళంచెవుల మధ్య మేకుకు ఒక ఫోను వేలాడింది. ఒకరి మాట ఒకరికి తెలియదు. చేపలామె ఐసు పగలగొట్టుకుంటూ ఏదో పాడుకునేది. ఈమె మిషను తిప్పేది. ఎప్పుడైనా ఒక పెద్ద చేపను తోక పట్టి తెర ముందు ఊపేది ఆమె. ఈమె కొత్తగా కోసిన చెవి ఎత్తి చూపించేది. అత్త ఒకసారి దుకాణానికి వచ్చి ఫోనులోకి తొంగిచూసి, "ఆ చేప కళ్ళు చూడు, మీ మావయ్యకి కోపమొస్తే అచ్చం ఇలాగే చూసేవాడు" అంది. తర్జుమా చేసేవాళ్ళు లేకపోయినా చేపలామె పకపకా నవ్వింది.

అతను వచ్చింది బాగా ఎండ కాస్తున్న మధ్యాహ్నం. వీధిలో కొట్లన్నీ భోజనాలకు సగం మూసి ఉన్నాయి. స్టూలు మీద కూర్చోలేదు. లోపలికి వచ్చి, వెనక్కి తిరిగి, షట్టరు కిందికి లాగాడు. నేలకు జానెడు ఎత్తులో ఆపాడు. ఆ సందులోంచి వచ్చే వెలుతురులో అతని బూట్లు మాత్రం మెరుస్తున్నాయి.

"ఎండ కొడుతోంది కదండీ" అన్నాడు.

తాళాలక్క వెనక గోడ. ముందు బల్ల. బల్లకు అవతల అతను. చేతికి అందేంత దూరంలో ఆకురాయి ఉంది, కానీ చేతులు తనవి కానట్టు వేలాడుతున్నాయి. అరవాలనుకుంది, అరవలేకపోయింది. 

"ఇంటి తాళం మార్చేశారు. మంచిపని చేశారు" అన్నాడు, మెల్లగా మిషను పక్కనున్న చెవి ఒకటి తీసి పళ్ళు వేలితో తడుముతూ. "కానీ మీ అత్తగారు వాకిట్లో కూర్చుంటారు కదా, వాకిలికి తాళం ఉండదు. ఊరి పేరు చెప్పండి. ఒక్క మాట. నేను వెళ్ళిపోతాను."

ఊరి పేరు ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. ఆ సంగతి ఆమె తర్వాత ఎవరి దగ్గరా దాచలేదు. ఇంకొక్క క్షణం గడిస్తే చెప్పేసేదాన్ని అనేది. వాకిట్లో కాళ్ళు చాపుకుని కూర్చున్న అత్త తప్ప ఇంకేదీ ఆ క్షణంలో కనబడలేదు.

అప్పుడు గోడ మీది తాళంచెవుల్లోంచి కేక వచ్చింది.

అతను ఎగిరిపడ్డాడు. ఆ భాష అతనికి తెలియదు, ఆమెకూ తెలియదు. కానీ తిట్టు ఏ భాషలోనైనా తిట్టే. చేపలామె తన చెక్క బల్ల మీద ఐసు కొట్టే సుత్తితో దబదబా బాదుతూ అరుస్తోంది. ఆమె వెనక ఇంకా గొంతులు కలిశాయి, సంతలో పక్కవాళ్ళు కాబోలు. ఆ ఇరుకు గదిలో రేకు షట్టరుకు తగిలి ఆ రభస పదింతలైంది. అతను గోడ వైపు తిరిగి చెవుల గుత్తులు లాగేస్తూ వెతికాడు. గుత్తులు తెగి చెవులన్నీ గలగలా నేల మీద రాలాయి. ఫోను దొరికేసరికి దానిలో ఒక నడివయసు ముఖం అతని ముఖంలోకే చూస్తోంది.

పైనుంచి మెట్ల మీద అడుగుల చప్పుడు. షట్టరు పైకి లేచింది. మెడలో కొలతటేపు, చేతిలో పెద్ద కత్తెరతో టైలరమ్మ, ఆమె వెనక నర్సమ్మ. ఎదురు కొట్టువాళ్ళు అన్నం చేతులతోనే లేచి వచ్చారు.

అతను చొక్కా సర్దుకున్నాడు. "ఏదో అపార్థం" అన్నాడు. ఎవరూ దారి ఇవ్వలేదు. తాళాలక్క బల్ల కింద కూర్చుండిపోయి ఉంది. పిలిస్తే పలకలేదు. నర్సమ్మ నాడి పట్టుకుని పక్కనే నేల మీద, ఆ రాలిన చెవుల మధ్యే కూర్చుంది.

ఈసారి స్టేషనులో ఎవరూ నవ్వలేదు. చేపలామె ఫోనులో అంతా రికార్డు చేసి ఉంచింది, షట్టరు దించడం, అత్త వాకిట్లో కూర్చుంటుందన్న మాట, అన్నీ. ఆమె తన దేశం నుంచి సాక్ష్యం కూడా చెప్పింది, తెర మీద, మంచి బట్టలు కట్టుకుని. 'సాక్షి మన భాష మాట్లాడదు, ఏం జరిగిందో ఆవిడకెలా తెలుసు' అని అతని లాయరు అడిగాడు. 'షట్టరు ఎందుకు దించుతారో తెలుసుకోవడానికి భాష అక్కర్లేదు' అని ఆమె చెప్పిందట. అతనికి కొంతకాలం జైలు పడింది. ఆ తర్వాత కూడా బజారువీధిలోకీ, తాళాలక్క ఇంటి వైపుకీ రాకూడదన్నారు. అది చాలా తక్కువని నర్సమ్మ కోపం. దొరికినదే ఎక్కువని టైలరమ్మ. లెక్కల టీచరు ఆ ఊరు కూడా వదిలి వెళ్ళిపోయింది. ఈసారి తాళం ఎవరు బిగించారో తాళాలక్క అడగలేదు, తెలియకపోవడమే మంచిదనుకుంది.

కథల్లో అయితే ఇక్కడ భయం పోవాలి. ఆమెకు పోలేదు. దుకాణం షట్టరు ఇప్పుడు పైనుంచి కిందికి రాకుండా కొక్కేనికి గొలుసు వేసి ఉంచుతుంది. అత్తను వాకిట్లో కూర్చోనివ్వదు. 'నన్ను కూడా తాళం వేసి పెట్టవే, పోతుంది' అని అత్త గొణుగుతుంది గానీ, చీకటి పడకముందే తనే లేచి గడియ పెడుతుంది. పచ్చ సబ్బు వాళ్ళింట్లో మళ్ళీ కొనలేదు.

కాలవగట్టు పిల్లతల్లి అన్న ఇంట్లోనూ ఉండలేక తిరిగి వచ్చిందని చాలారోజుల తర్వాత తెలిసింది. ఈసారి నర్సమ్మ దిగి రాలేదు. తాళాలక్కే మెట్లెక్కి, "ఆ ఇంటికి ఎవరు వెళ్తున్నారు?" అని అడిగింది.

"ఇంకా ఎవరూ దొరకలేదు."

"టైలరమ్మని నాతో పంపు. ఒక్కదాన్నే పోలేను."

బద్దలైన తలుపును ముందు వడ్రంగిలా అతకాల్సి వచ్చింది. చెక్కముక్కలు కొట్టి, కొత్త గడియ పెట్టి, తాళానికి కన్నం తొలుస్తోంది. పిల్లలు లోపలి గదిలో చప్పుడు చేయకుండా ఆడుకుంటున్నారు. ఆ వయసు పిల్లలు అంత చప్పుడు లేకుండా ఆడకూడదు. గుమ్మం అవతల టైలరమ్మ వీధి చూస్తూ నిలబడింది. పిల్లతల్లి తాళాలక్క చేతులనే చూస్తోంది.

"మీ చేతులు వణుకుతున్నాయక్కా."

"అవును. నువ్వా తలుపు కాస్త గట్టిగా పట్టుకో, కదలకుండా" అని తాళాలక్క స్క్రూలు పంటి కింద పెట్టుకుంది.

వీధిలో మోటారుబండి ఒకటి వచ్చి ఆగింది. ముగ్గురూ బిగుసుకుపోయారు. లోపల పిల్లల ఆట కూడా ఆగిపోయింది. టైలరమ్మ మెడ చాచి చూసి, కొంతసేపటికి, పక్కింటాయన అన్నట్టు చేత్తో సైగ చేసింది. అయినా ఎవరూ వెంటనే కదలలేదు. తర్వాత తాళాలక్క మిగిలిన స్క్రూలు నోట్లోంచి ఒక్కొక్కటే తీసి బిగించడం మొదలుపెట్టింది.